మాత్ర మానేయాలా, మూలం వెతకాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే గొడవ. "డాక్టరుగారూ, అందరూ పైపైన మందులు రాస్తున్నారు, అసలు ఈ జబ్బు నాకెందుకొచ్చిందో ఎవరూ చెప్పడం లేదు" అని. మీ గొడవలో న్యాయం ఉంది. బయట వంద మంది టోకెన్లు పట్టుకుని కూర్చుంటే, లోపలున్న డాక్టరు "నొప్పి ఎక్కడ" అని అడగగలడు గానీ "రాత్రి ఎన్నింటికి తింటున్నావు, ఇంట్లో అంతా బాగానే ఉందా" అని అడిగే తీరిక అతనికి ఉండదు. ఈ లోటు చూసుకునే, మూలం నుంచి నయం చేస్తామంటూ ప్యాకేజీలు అమ్మేవాళ్లు వీధికొకరు తయారయ్యారు. వాళ్లు అడిగే ప్రశ్న మంచిదే, కాకపోతే ఎవరొచ్చినా జవాబు ఒకటే ఉంటుంది వాళ్ల దగ్గర. అందుకే ఈ నెల ఉత్తరాలు తక్కువ తీసుకుని, ఒక్కోదానికి కాస్త తీరిగ్గా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, మాది తణుకు. ఏళ్ల తరబడి రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. థైరాయిడ్ మాత్ర కూడా ఉంది. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటాను, అవి లేకపోతే పొయ్యి దగ్గర నిలబడలేను. ఇన్ని వేసుకున్నా కడుపుబ్బరం, పుల్లటి తేన్పులు తగ్గలేదు. ఈ మధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఒకటే నీరసం. మా వదిన ఇవన్నీ ఒక్కసారిగా మానేసి ప్రకృతి చికిత్సాలయంలో చేరమంటోంది. చేరనా?

జవాబు: చేరండమ్మా, వద్దనను. ఆరున్నరకల్లా భోజనం, తొమ్మిదింటికి దీపాలార్పేయడం, కాఫీ లేదు, ఫోను లేదు, అన్నిటికంటే ముఖ్యంగా వంట మీరు చేయక్కర్లేదు. పది రోజులు అలా గడిస్తే ఎవరికైనా హాయిగానే ఉంటుంది. కానీ చేరేముందు మీ మాత్రల సంగతి ఒకసారి చూద్దాం, ఎందుకంటే మీకున్నవి నాలుగు వేర్వేరు జబ్బులని నాకనిపించడం లేదు, ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి వచ్చినట్టుంది.

మోకాళ్లకు షాపువాడిచ్చే మాత్రల్లో సాధారణంగా ఉండేది డైక్లోఫెనాక్ లేదా ఎసిక్లోఫెనాక్. నొప్పి బాగా లాగేస్తాయి, కానీ రోజూ వాడితే జీర్ణాశయం లోపలి పొరను దెబ్బతీస్తాయి, కిడ్నీలకూ మంచివి కావు. ఆ మంటకు మీరు వేసుకునే గ్యాస్ మాత్ర సాధారణంగా పాంటొప్రజోల్. అది కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, బాగానే ఉంది, అయితే మనం తిన్న తిండిలోంచి బి12 విటమిన్, ఐరన్ విడిపడి ఒంటికి పట్టాలంటే ఆ ఆమ్లం కావాలి. ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది, మాంసం, చేపలు తక్కువ తినేవాళ్లలో మరీ తొందరగా. అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం అక్కణ్ణుంచి వచ్చి ఉండొచ్చు. థైరాయిడ్ మాత్ర సంగతీ అంతే, అది ఒంటికి పట్టాలన్నా ఆమ్లం ఉండాలి. మీరు పొద్దున్నే ఆ రెండు మాత్రలూ ఒకే గుక్కలో మింగేసి, వెంటనే కాఫీ తాగుతున్నారేమో చూసుకోండి, మన ఇళ్లలో నూటికి తొంభై మంది చేసేది అదే. కాఫీ కూడా థైరాయిడ్ మందును సరిగా పట్టనివ్వదు. ఆ మాత్రకు, కాఫీకి మధ్య కనీసం అరగంట, వీలైతే గంట ఎడం ఉండాలి. కాల్షియం, ఐరన్ మాత్రలైతే నాలుగు గంటల తర్వాతే.

అందుకని మొదట చేయాల్సింది మానేయడం కాదు, మీరు వాడే ప్రతి మాత్రా, షాపులో కొన్నవి కూడా, ఒక కవర్లో వేసుకుని మీ డాక్టరు బల్ల మీద పోయడం. హిమోగ్లోబిన్, బి12, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, షుగరు, కిడ్నీల కోసం క్రియాటినిన్ చూపించుకోండి, పెద్ద ఖర్చేం కాదు. మోకాళ్లకు రోజూ మింగే మాత్ర బదులు పైన రాసే జెల్, అవసరమైన రోజు పారాసిటమాల్ సరిపోతాయేమో అడగండి. అసలు మందు మాత్రం తొడ కండరం. కుర్చీలో కూర్చుని కాలు తిన్నగా చాపి పది అంకెలు లెక్కపెట్టే దాకా అలాగే ఉంచి దించాలి, కాలికి పదేసి సార్లు, పూటకోసారి. మీరు బరువెంతో రాయలేదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

గ్యాస్ మాత్రను హఠాత్తుగా ఆపితే అణిగి ఉన్న ఆమ్లం ఒక్కసారిగా ఎగదన్నుతుంది, కొన్ని వారాలపాటు మంట ముందుకంటే ఎక్కువగా ఉంటుంది. "చూశావా, మాత్ర లేకపోతే నేను బతకలేను" అని జనం మళ్లీ మొదలుపెట్టేది ఇక్కడే. డాక్టరు చెప్పినట్టు మోతాదు తగ్గించుకుంటూ, రోజు విడిచి రోజుకు మార్చుకుంటూ ఆపాలి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లకు మాత్రం ఈ గ్యాస్ మాత్ర రక్షణగా రాస్తారు, వాళ్లు ఈ జవాబు చదివి ఆపేయొద్దు.

ఇంకొక్క మాట. కడుపులో మంట అనగానే కారం, పచ్చళ్లు, టెన్షన్ అని మీరే తీర్పు చెప్పేసుకోకండి. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా దశాబ్దాలపాటు అల్సర్‌కు అవే కారణమన్నారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు, కాదు, హెలికోబ్యాక్టర్ పైలొరి అనే సూక్ష్మక్రిమి వల్ల అన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవం తనే తాగేసి కడుపు పాడుచేసుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ క్రిమి ఉంటే పథ్యాలతో పోదు, యాంటీబయాటిక్స్ కోర్సు పూర్తిగా వాడాల్సిందే. మలపరీక్షతోగానీ ఊదుడు పరీక్షతోగానీ తెలుస్తుంది, దానికి రెండు వారాల ముందు నుంచి గ్యాస్ మాత్ర ఆపమంటారు. బరువు దానంతటదే తగ్గుతున్నా, మలం నల్లగా తారులా వస్తున్నా, ముద్ద మింగుడుపడకపోయినా పథ్యాలూ ఆశ్రమాలూ పక్కనపెట్టి ముందు ఎండోస్కోపీ చేయించుకోండి.

ప్రశ్న: వయసు 29, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా షిఫ్టు. జుట్టు ఊడుతోంది, పొట్ట పెరిగింది, వారానికి నాలుగైదు రోజులు తలనొప్పి, మాత్ర వేసుకుంటే గానీ తగ్గదు. నూరు పరీక్షల ప్యాకేజీ చేయిస్తే ఆరు ఎర్రరంగులో వచ్చాయి. ఒక వెల్‌నెస్ సెంటర్‌లో పేగులు శుభ్రం చేసే డిటాక్స్ 45 వేలు అంటున్నారు.

జవాబు: ఆ 45 వేలు బ్యాంకులోనే ఉండనివ్వు. ఒంట్లో మలినాలు వడగట్టే పని లివర్, కిడ్నీలు నువ్వు పుట్టినప్పటి నుంచి చేస్తూనే ఉన్నాయి. ల్యాబ్‌వాళ్లు నార్మల్ అని రాసే హద్దుల్ని మామూలుగా ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై అయిదు మంది పట్టేలా గీస్తారు, అంటే ఏ జబ్బూ లేనివాడికి నూరు పరీక్షలు చేసినా ఓ ఐదు ఎర్రగా రావడం మామూలే. నీ రిపోర్టులో టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, బి12, డి విటమిన్, మూడు నెలల షుగరు సరాసరి (హెచ్‌బీఏ1సీ), ఇవి చూసి చెప్పమని ఒక మామూలు ఫిజీషియన్‌ను అడుగు, మిగతావి మర్చిపో.

తలనొప్పి మాత్ర నెలలో పది పదిహేను రోజులకు మించి పడితే ఆ మాత్రే తలనొప్పి తెప్పిస్తుంది. నువ్వు ఆ లెక్క ఇప్పటికే దాటావు, దాన్నెలా మాన్పించాలో డాక్టరు చెప్తాడు. షిఫ్టు మార్చుకోగలిగితే అదే అసలు వైద్యం. ఇప్పట్లో కుదరకపోతే పగటి నిద్రను రాత్రి నిద్రలా చూసుకో. కిటికీకి మందపాటి కర్టెన్, ఫోను పక్క గదిలో, సెలవు రోజుల్లో కూడా ఇంచుమించు అదే వేళకు పడక. రాత్రి ఒంటిగంటకు ఆఫీసులో బిర్యానీ తినడం మానేయ్, షిఫ్టుకు ముందే భోంచేసి మధ్యలో మజ్జిగో, రెండు గుడ్లో చాలు. గురక పెడుతున్నావేమో రూమ్మేట్‌ని అడుగు. గురకతో పాటు మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నావంటే స్లీప్ టెస్ట్ చేయించాలి.

ప్రశ్న: ప్రకాశం జిల్లా నుంచి రాస్తున్నాను. నాకు 33, ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయింది. మిరప కోతలకు కూలికి పోతాను. రెండేళ్లుగా నెలసరి ఎక్కువ, తెల్లబట్ట, నడుంనొప్పి. టౌన్లో స్కానింగ్ తీసి గర్భసంచి పాడైందని, తీసేయకపోతే ముందుముందు క్యాన్సర్ అవుతుందని చెప్పారు. మా వీధిలో చాలామంది తీయించుకున్నారు. పీడా పోతుంది కదా అని మా ఆయన కూడా అంటున్నాడు. తీయించుకోనా?

జవాబు: వద్దు తల్లీ, ఇప్పుడే వద్దు. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద ఎక్కువగా ఉన్నది ఆంధ్రలో, ఆ తర్వాత తెలంగాణలో అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్తూ వస్తున్నాయి. మన ఆడవాళ్ల గర్భసంచులే ప్రత్యేకంగా పాడైపోతాయా ఏమిటి? అవసరం లేని ఆపరేషన్లు ఎక్కువయ్యాయన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని ఆదేశించింది కూడా. నలభై ఏళ్లలోపు వాళ్లకు తీయాలంటే ఇంకో డాక్టరు అభిప్రాయం కూడా ఉండాలన్నది వాటి ఉద్దేశం.

లక్షణాన్ని అణచడమంటే మాత్ర వేయడం ఒక్కటే కాదు, అవయవాన్నే తీసి పారేయడం కూడా. నీ ఉత్తరంలో మూడు బాధలున్నాయి, మూడింటికీ కారణాలు వేరై ఉండొచ్చు. తెల్లబట్ట దురదతో, వాసనతో ఉంటే అది ఇన్ఫెక్షన్, వారం పది రోజుల మందులతో పోయేది. దాన్నిబట్టి ఒక్కోసారి మీ ఆయనకు కూడా మందులివ్వాలి, ఇవ్వకపోతే మళ్లీ వస్తుంది. షుగరు ఉందేమో కూడా చూడాలి. నెలసరి ఎక్కువ కావడానికి థైరాయిడ్ తక్కువగా ఉండటం ఒక మామూలు కారణం, ఒక రక్తపరీక్షతో తెలుస్తుంది. గర్భసంచిలో గడ్డలుంటే ఎంత సైజు, ఎక్కడ ఉన్నాయన్నది ముఖ్యం, చిన్న చిన్నవి చాలామందికి ఉంటాయి, ఏమీ చేయవు. "బల్కీ" అని రిపోర్టులో రాస్తే పాడైపోయిందని కాదు, ఇద్దరు పిల్లల్ని మోసిన సంచి కాస్త పెద్దగానే ఉంటుంది. ఇక నడుంనొప్పి సంగతి నువ్వే రాశావు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వంగి మిరపకాయలు కోస్తే ఎవరి నడుమైనా నొప్పెడుతుంది. గర్భసంచి తీయించుకున్నాక కూడా నడుంనొప్పి అలాగే ఉన్నవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, అడిగి చూడు.

చేయాల్సింది చెప్తాను. జిల్లా ఆస్పత్రిలో గానీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో గానీ గైనకాలజిస్టుకు చూపించుకో, టౌన్లో తీసిన స్కానింగ్ కాగితం తీసుకెళ్లు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, షుగరు చూడమను. క్యాన్సర్ భయం పెట్టారు కదా, ఆ భయం పోవడానికి గర్భసంచి ముఖద్వారం పరీక్ష ఉంది, పాప్ స్మియర్ అంటారు, నొప్పి ఉండదు, అక్కడే చేస్తారు. నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకుంటే రక్తస్రావం తగ్గించే మాత్రలున్నాయి. గర్భసంచి లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది, ఐదేళ్ల పైన పనిచేస్తుంది, చాలామందికి నెలసరి బాగా తగ్గిపోతుంది. గడ్డలు ఇబ్బంది పెడుతుంటే గడ్డల వరకే తీయొచ్చు. ఇవేవీ పనిచేయనప్పుడు, క్యాన్సర్ తేలినప్పుడు, గర్భసంచి కిందికి జారినప్పుడు తీయడం సరైన వైద్యమే, అప్పుడు భయపడొద్దు. కానీ ముప్పై మూడేళ్లకే, అదీ అండాశయాలతో సహా తీసేస్తే, మరుసటి వారం నుంచే ఒంట్లో ఆవిర్లు, పదేళ్లు తిరక్కుండానే ఎముకలు పలచబడటం, గుండెజబ్బు ముప్పు పెరగడం ఉంటాయి. సంచి ఒక్కటే తీసినా ముట్లుడిగే దశ కొంచెం ముందే రావొచ్చు.

రెండేళ్లుగా ఇంత రక్తం పోతోందంటే నీకు రక్తం తక్కువగా ఉంటుంది. ఐరన్ మాత్ర టీతో వేసుకోకు, టీ తాగి గంట దాటాక నిమ్మకాయ నీళ్లతో వేసుకో. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వేసుకున్నా బాగానే పడుతుంది, ఐరన్ మాత్రతో మలం నల్లగా రావడం మామూలే.

ఇది నీకొక్కదానికే రాయడం లేదు. మహారాష్ట్రలో బీడ్ జిల్లాలో చెరకు నరికే ఆడవాళ్లు చిన్న వయసులోనే గర్భసంచులు తీయించుకుంటున్నారని 2019లో బయటపడింది, నెలసరి వస్తే పనిరోజు పోతుందని, కూలి పోతుందని. పొలం దగ్గర మరుగుదొడ్డి లేక, గుడ్డ మార్చుకునే చోటు లేక, సెలవు పెడితే ఆ రోజు డబ్బులు రాక, పీడా పోతుందని ఆడవాళ్లు అనుకునే పరిస్థితి మన దగ్గరా ఉంది. దానికి నా దగ్గర మందు లేదు. అయితే ఆ కారణానికి కత్తి పెట్టించుకోవాల్సింది నువ్వు కాదు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. నాన్నగారు కరీంనగర్‌లో, వయసు 58, షుగరు వచ్చి నాలుగేళ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపెరైడ్ వాడుతున్నారు. ఆన్‌లైన్‌లో ఒక డైట్ ప్రోగ్రామ్‌లో చేరారు, రోజుకు ఒక్కపూట భోజనం, మాత్రలు తగ్గించుకోవచ్చన్నారు. మొన్న రాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి వణికిపోతే అమ్మ చూసింది, షుగరు 62. షుగరు నిజంగా వెనక్కి పోతుందా, ఇదంతా మోసమా?

జవాబు: వెనక్కి పోతుంది, అందరికీ కాదు. మోసం అంతా కాదు, ప్రమాదం మాత్రం ఉంది.

బ్రిటన్‌లో న్యూకాజిల్, గ్లాస్గో డాక్టర్లు చేసిన డైరెక్ట్ అనే ట్రయల్ 2017 చివర్లో వచ్చింది. షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లను, ఇన్సులిన్ వాడనివాళ్లను తీసుకుని మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 క్యాలరీలే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండా షుగరు అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, ఆ పైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. రెండేళ్లకు 36 శాతానికి తగ్గింది, అంటే బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది. లివర్‌లో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడమే ఇందులో కీలకం. అక్కడా మాత్రలు మొదటిరోజే ఆపారు, కానీ పక్కన నర్సో, డైటీషియనో ఉండి షుగరు, బీపీ చూస్తూ, పెరిగితే మళ్లీ మొదలుపెడుతూ.

మీ నాన్నగారి విషయంలో జరిగింది తిరగేసి. తిండి మానారు, గ్లిమిపెరైడ్ వేసుకున్నారు. ఆ మాత్ర తిన్నా తినకపోయినా క్లోమం నుంచి ఇన్సులిన్ పిండుతుంది, అందుకే 62. డెబ్భై కంటే తగ్గితే వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి, అమ్మకు ఈ రెండూ చెప్పి ఉంచండి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు వాడేవాళ్లు అన్నం, రొట్టె బాగా తగ్గిస్తే ఇంకోరకం ప్రమాదం, షుగరు పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లాలు చేరి ఆస్పత్రి పాలవుతారు. చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీద ఉన్న టైప్ 1 పిల్లలకైతే ఈ మాటలు ఏవీ వర్తించవు, వాళ్లకు ఇన్సులిన్ ఆపడమంటే ప్రాణం తీయడమే.

నాన్నగారికి నాలుగేళ్లే కాబట్టి ప్రయత్నించొచ్చు. ముందు స్థానిక డాక్టరు దగ్గరికెళ్లి "నేను బరువు తగ్గబోతున్నాను, మందులు ఏది ముందు తగ్గిద్దాం" అని అడగాలి, సాధారణంగా మొదట తగ్గేది గ్లిమిపెరైడే. కంటి పరీక్ష ఒకటి చేయించాలి. ఒక్కపూట తిండి పెట్టుకుని రాత్రి వణకడం కంటే, కంచంలో కొండలా పోసుకునే అన్నాన్ని ఒక కప్పుకు దించి, ముందు కూర, పప్పు, గుడ్డో చేపో తిని అన్నం చివర్లో తినడం, తిన్న వెంటనే మంచమెక్కకుండా పదిహేను నిమిషాలు నడవడం ఆయన వయసుకు నడిచే దారి. మందుల్లేకుండా మూడు నెలల షుగరు సరాసరి (హెచ్‌బీఏ1సీ) 6.5 శాతం కంటే తక్కువగా, కనీసం మూడు నెలలు నిలబడితే అప్పుడు వెనక్కి పోయిందని అనొచ్చు. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి పరీక్ష మానకూడదు.

ప్రశ్న: రిటైరైన తెలుగు టీచర్ని, అనంతపురం, 71 ఏళ్లు. నిరుడు ఉగాది ముందు నా భార్య పోయింది. పిల్లలు దూరాల్లో ఉన్నారు. అప్పటి నుంచి కడుపులో ఏదో దేవినట్టు ఉంటుంది, ఆకలి లేదు, రాత్రి మూడింటికి మెలకువ. స్కానింగులు, ఎండోస్కోపీ అన్నీ చేశారు, ఏమీ లేదన్నారు. నిద్రకు అల్ప్రజోలం వేసుకుంటున్నాను. తిప్పతీగ కషాయం మొదలుపెట్టమని ఒకరు చెప్పారు.

జవాబు: మాస్టారూ, "ఏమీ లేదు" అన్నది ఆ పరీక్షల్లో కనబడేది ఏమీ లేదని. మీ బాధ లేదని కాదు. కడుపులో దేవడం, ఆకలి చచ్చిపోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం, ఇవి డిప్రెషన్‌లో ఉండే లక్షణాలే. మన మగవాళ్లకు దుఃఖం కళ్లలోంచి రాకపోతే కడుపులోంచి వస్తుంది. ఏడాది దాటినా తగ్గలేదు కాబట్టి మానసిక వైద్యుడికి చూపించుకోండి, పిచ్చి అని ఎవరూ అనరు, అన్నా పట్టించుకోకండి. వెళ్లడానికి జంకుగా ఉంటే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేయండి, నంబరు 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

తిప్పతీగ వద్దు. కోవిడ్ కాలంలో దాన్ని తాగి లివర్ దెబ్బతిని ముంబయిలో ఆస్పత్రిలో చేరినవాళ్ల గురించి డాక్టర్లు రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదనుకోండి, ఆ వాదన అలా ఉంచండి, మీ బాధకు అది మందు మాత్రం కాదు.

మీరు ఏం తింటున్నారో రాయలేదు. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు చాలామంది రెండు పూటలా పెరుగన్నం, ఆవకాయతో కానిచ్చేస్తారు. అలాగైతే కండ కరిగిపోతుంది, నిద్రా పట్టదు. మధ్యాహ్నం పప్పు, సాయంత్రం గుగ్గిళ్లో గుడ్డో కచ్చితంగా పెట్టుకోండి. పక్కింట్లో పదో తరగతి పిల్లలుంటే తెలుగు వ్యాకరణం చెప్తానని కబురు పెట్టండి, రుసుము తీసుకోవడం తీసుకోకపోవడం మీ ఇష్టం, సాయంత్రం ఆరింటికి తలుపు తట్టేవాళ్లు ఉండాలన్నదే నా ఉద్దేశం. అల్ప్రజోలం మాత్రం ఈ జవాబు చదివి ఈ రాత్రే ఆపకండి. కొన్నాళ్లు వాడాక ఒక్కసారిగా మానేస్తే గుండెదడ, వణుకు, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. ఆ వయసులో అది మంచి మాత్ర కాదు, రాత్రి లేచినప్పుడు తూలి పడతారు, కానీ తగ్గించాల్సింది వారాల తరబడి, కొద్దికొద్దిగా, డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం. మొదటిసారి వెళ్లినప్పుడే ఆ స్ట్రిప్ జేబులో పెట్టుకెళ్లి చూపించండి.